టర్బోకు డ్రిప్పు వాల్వు

2006 ఏప్రిల్ 2, వనపర్తి

డైరీ రాసేంత పెద్దమనిషిని కాను. ఎరువుల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ పుస్తకం ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంది. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాబట్టి దీనితో మాట్లాడుతున్నాను. వర్ష ఉంది గానీ దానికి పదో తరగతి పరీక్షలు. పైగా కూతురు వాళ్ళమ్మ పార్టీ.

సుగుణ ఉప్పునుంతలలోనే ఉండిపోయింది. ఉగాదికి ముగ్గురం ఆమె తమ్ముడు భీమన్న ఇంటికి పోయాం. ఇద్దరం తిరిగి వచ్చాం. మొగుడి మీద అలిగి పుట్టింటికి పోయిందని వీధిలో అనుకుంటున్నారట. అబద్ధం. అలిగి పోలేదు, పోయాక అలిగింది. రెంటికీ చాలా తేడా ఉంది.

కారణం జీపు. మొన్న మాఘమాసంలో సర్కారు వేలంలో పాడుకున్నాను. డీజిల్ బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, టర్బో ఉంది. వనపర్తి చుట్టుపక్కల తోటలకు డ్రిప్పు పైపులు బిగించే వాళ్ళలో ఇలాంటి బండి ఉన్నది నాకొక్కడికే. నల్లరేగడిలో పైపులు వేసుకుని పోవాలంటే మామూలు బండి దిగబడుతుంది. ఇది దిగబడదు. దిగబడదు గానీ ఎక్కదు. ఆ సంగతి ఉగాదినాడు తెలిసింది.

భీమన్న ఊరి బయట గుట్ట వారన ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు దారి నిటారుగా ఉంటుంది. సగం ఎక్కేసరికి బండి నల్లపొగ కక్కి ఆయాసపడి ఆగిపోయింది. అత్తగారి వాళ్ళంతా కొత్తబట్టలతో దిగి వచ్చి తోశారు. సుగుణ దిగబోతే "నువ్వు కూచో, ఇగ ఎక్కుతది" అన్నాను. మూడుసార్లు అన్నాను. భీమన్న చెమటలు కారుతూ, "బావా, గౌరి అయితె ఈపాటికి ఎక్కి నెమరేస్తుండె" అన్నాడు. అందరూ నవ్వారు. సుగుణ నవ్వలేదు.

గౌరి మా బర్రె. దాన్ని అమ్మి ఈ జీపు కొన్నాను. ఆ మాట పండగపూట ఎందుకు తీశాడో నాకు తెలియదు.

నేనూ వర్షా బయలుదేరేటప్పుడు సుగుణ అన్నది: "నన్ను తోల్కపోవాలంటె నువ్వు రా. ఆ బండిని తేకు. దాంట్ల నేను ఎక్క."

దారంతా ఆలోచించాను. ఆడవాళ్ళ మాటకు అర్థం పైన ఉండదు, లోపల ఉంటుంది. బండిని తేకు అంటే, ఇట్లాంటి బండిని తేకు అని. బాగుచేసి తెమ్మని. చెప్పక చెప్పింది.

ఏప్రిల్ 4

వంకాయ మాడింది. వర్ష తిన్నది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది.

ఏప్రిల్ 7, గద్వాల

పొద్దున్నే ఆత్మకూరు మీదుగా, జూరాల కట్ట దాటి ఖాజా మియా షెడ్డుకు వచ్చాను. ఖాజా మియాకు తెలియని డీజిల్ ఇంజను లేదు. ఆ మాట ఆయనే చెబుతాడు, చాయ్ తాగిన ప్రతిసారీ చెబుతాడు. బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. హకీము నాడి చూసినట్టే.

"అరె రాఘూ, ఇంజన్ షేర్, పులి లెక్కుంది. టర్బోనే ఢీలా ఉంది."

"టర్బో ఉన్నా లేనట్టేనా భాయ్?"

"జూడు. ఇది పొగ తోటి తిరిగే పంక. బయటికి పోయే పొగ దీన్ని తిప్పుతది, ఇది గాలిని ఇంజన్లకు దంచుతది. గాలి ఎంత దంచితె బండి గంత లాగుతది. గని హద్దు ఉండాలె గదా? గందుకే పక్కన చిన్న తలుపు పెట్టిండ్రు. గాలి హద్దు దాటితె తలుపు తెర్సుకుంటది, పొగ పక్కకు పోతది, పంక నిమ్మలమైతది. ఇగో, ఈ సన్న గొట్టం ఉంది జూడు, తలుపుకు కబురు జెప్పేది ఇదే. గాలి దీంట్ల నుంచి పోయి తలుపును నూకుతది."

"మరి మనదానికి ఏమైంది?"

"తలుపు స్ప్రింగు ముసల్దైంది. జర గాలి తగలంగనే తెర్సుకుంటుంది. హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పిస్త. ఆగు."

ఎన్నాళ్ళు ఆగాలని అడిగితే ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. అంతా అల్లా దయ.

అప్పుడు నాకు తట్టింది. తలుపుకు పోయే గాలినే తగ్గిస్తే, తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది కదా? గొట్టం మధ్యలో ఒక వాల్వు పెడితే చాలు కదా? నా సంచిలో డ్రిప్పు వాల్వులు ఎప్పుడూ ఉంటాయి. ఖాజా మియా గడ్డం గోక్కున్నాడు. తర్వాత, "నేను గూడ గదే అనుకుంటున్న" అన్నాడు. అనుకోలేదు. నాకు తెలుసు. ఈ ముక్క నా నోటి నుంచే వచ్చిందని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నా తెలివికి సాక్ష్యం ఉండాలి.

ఏప్రిల్ 8, గద్వాల

బిగించాం. సన్న గొట్టాన్ని పొడుగు చేసి డ్రైవరు సీటు ముందుకు, నా మోకాలి దగ్గరికి తెచ్చాం. అక్కడ డ్రిప్పు వాల్వు. దాని తర్వాత కాస్త గాలి బయటికి జారడానికి ఒక డ్రిప్పర్. వాల్వుకు ముందు, టర్బో గాలి ఎంత ఉందో చూపడానికి, డ్రిప్పు ఫిల్టరు మీద పెట్టే ప్రెషర్ గేజి. చూస్తుంటే జీపు కాదు, బత్తాయి తోట.

ఖాజా మియా బండి తోలి చూస్తూ వాల్వును అటూ ఇటూ తిప్పి, ముల్లు ఒకటి దగ్గర నిలిచేట్టు చేసి, వాల్వు మీద తెల్లరంగుతో గీత పెట్టాడు. "ఇంతనే. దీన్ని ముట్టకు. దీని లెక్క నీళ్ళ లెక్క తీర్గ ఉండదు రాఘూ, ఉల్టా ఉంటది, జర ఇను..."

"భాయ్, వాల్వుల గురించి నాకు జెప్తున్నవా?"

ఆయన పెద్దవాడు, నొప్పించాలని కాదు. ఇరవై ఏళ్ళుగా వాల్వులే తిప్పుతున్నాను. ఇటిక్యాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా నా చెయ్యి పడని తోట లేదు. ఏ చెట్టుకు ఎంత ప్రెషర్ పోతుందో గొట్టం మీద చెయ్యి పెట్టి చెబుతాను. ఆయన ఇంకేదో చెప్పాడు గానీ నేను గేజి చూసుకుంటున్నాను. చాలా అందంగా ఉంది.

ఏప్రిల్ 9

అబ్బబ్బ! బండి కాదు, గుర్రం. ఆత్మకూరు దాటాక ఎత్తు మీద ఆర్టీసీ బస్సును దాటేశాను. డ్రైవరు నా వైపు చూశాడు. నేను చూడనట్టు చూశాను. ముల్లు ఒకటి దగ్గర బుద్ధిమంతుడిలా నిలబడింది.

ఇంటికి వచ్చాక వర్ష ముందు సీట్లో కూర్చుని వాల్వునూ గేజినీ చూసి, "నాయినా, బండికి గూడ నీళ్ళు పారిస్తున్నవా?" అన్నది.

పారిస్తా. మీ అమ్మ ఎక్కేదాకా పారిస్తా.

ఏప్రిల్ 12

భీమన్న ఇంటికి ఫోన్ చేశాను. సుగుణే ఎత్తింది.

"బండి మంచిగయింది సుగుణా. టర్బో తలుపుకు వాల్వు పెట్టిన. ముల్లు ఒకటి మీద..."

"వర్ష తింటుందా?"

"తింటుంది. ముల్లు ఒకటి మీదనే..."

"నేను భీమన్న కలిసి రెండు బర్లు కొన్నం. ఒకటి నాది, ఒకటి వానిది. హోటలోళ్ళకు, మాస్టర్లకు పాలు పోస్తున్న. పిండే యాళ్ళయింది, పెట్టేస్తున్న."

నాకు ఒళ్ళు మండింది. "బర్రెను కొన్నవా? ఇంత పెద్ద పని, నన్ను ఒక్క మాట అడగొద్దా?"

సుగుణ నవ్వింది. చాలాసేపు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది.

ఇందులో నవ్వడానికి ఏముందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. అడగడం మర్యాద కదా.

ఏప్రిల్ 13

గౌరి విషయం కాదు. బండి విషయమే.

ఏప్రిల్ 16

ఎదురింటి బుజ్జమ్మ గిన్నె పట్టుకుని వచ్చి, "సుగుణమ్మ ఎప్పుడొస్తది? పాకెట్ పాలల్ల చాయ్ నోట్లె పెట్టబుద్ధి అయితలేదు" అన్నది. వీధి మొత్తానికి సుగుణే పాలు పోసేది. వస్తుందమ్మా అన్నాను. బుజ్జమ్మ నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు.

అసలు జరిగింది ఏమిటంటే, వేలం దగ్గర పడింది. కొనేవాడు ఆరోజే వచ్చాడు. సుగుణ మార్కెట్‌కు పోయింది. వచ్చేదాకా ఆగమంటే వాడు వేరే బర్రెను చూసుకునేవాడు. ఆమె తిరిగి వచ్చేసరికి గుంజకు తాడు మాత్రమే ఉంది. నేను గొడవకు సిద్ధంగా ఉన్నాను, చెప్పాల్సిన కారణాలన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. పాల బకెట్ కడిగి బోర్లించింది. అంతే.

ఏమీ అనలేదు అంటే ఒప్పుకున్నట్టే కదా.

ఏప్రిల్ 21

పరీక్షలు అయిపోయాయి. వర్ష సెలవులకు వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. నేనే బస్సు ఎక్కించాను. బస్సు కదిలే ముందు కిటికీ నుంచి మెల్లగా చెప్పింది.

"నాయినా, అమ్మ నన్ను ఇంటరు అచ్చంపేటల చదువుకొమ్మంటుంది. మామ అన్నీ అడిగొచ్చిండు."

"మరి నువ్వేమన్నవ్?"

"అమ్మ ఒక్కతే ఉన్నది గదా."

నేను మాత్రం ఎందరున్నానో! ఆ మాట పైకి అనలేదు. బస్సు పోయాక స్టాండులో చాలాసేపు నిలబడ్డాను. పల్లీలమ్మే ఆమె వచ్చి ఏ ఊరికి పోవాలని అడిగింది.

భయమేసింది. నిజంగా భయమేసింది. అలకలు తీరతాయి. అలిగిన మనిషి దగ్గర బర్రె ఉండి, పాల గిరాకీ ఉండి, కూతురి కాలేజీ కూడా అక్కడే అయితే దాన్ని అలక అనరు, కాపురం అంటారు. నేను లేని కాపురం.

వర్ష ఇంకో మాట కూడా అన్నది. "బస్సుకే రా నాయినా. అమ్మకు నీ బండి ఉరుకుడంటె భయం."

ఏప్రిల్ 22

బస్సుకు పోతే భీమన్న ఏమంటాడు? "బావా, బండి అలిగిందా?" అంటాడు. నాకు తెలుసు. బండి మీదనే పోతాను. ఆ ఎత్తు ఎక్కి ఇంటి ముందు ఆపి, దిగి, ఒక్కమాట కూడా మాట్లాడను. సుగుణకు భయం కాబట్టి ప్రెషర్ కాస్త తగ్గించుకుని పోతాను. ఆ మాత్రం ఇంగితం ఉంది నాకు.

ఏప్రిల్ 27, ఉప్పునుంతల

భీమన్న వాకిట్లో నులకమంచం మీద కూర్చుని రాస్తున్నాను. వేళ్ళకు ఇంకా మసి ఉంది.

పొద్దున ఇస్త్రీ అంగీ వేసుకుని, అత్తకు ఒక బస్తా బత్తాయిలు వేసుకుని బయలుదేరాను. బయలుదేరే ముందు వాల్వును ఖాజా మియా పెట్టిన గీత నుంచి సగం మూశాను, ప్రెషర్ తగ్గాలని. చేతికి అలవాటైన పని, ఆలోచించే అవసరం కూడా లేదు.

ఊరు దాటగానే ముల్లు ఒకటి దాటింది. ఎండకు గాలి ఉబ్బుతుందని అనుకున్నాను. ఇంకాస్త మూశాను. ముల్లు ఇంకాస్త లేచింది. బండి ఏనుగులా లాగుతోంది. నాగర్‌కర్నూల్లో చాయ్ తాగుతూ గేజి మీద వేలితో కొట్టి చూశాను. కంపెనీ సరుకే గానీ గేజిలన్నీ ఒక తీరుగా ఉండవు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను గేజిని తిట్టాను. పాపం, ఆ బండి మొత్తంలో నిజం చెబుతున్నది అదొక్కటే.

ఊరి పొలిమేరకు వచ్చాను. దూరంగా గుట్ట, భీమన్న ఇల్లు, ఇంటి ముందు మనుషులు. వర్ష ముందే చెప్పినట్టుంది, అందరూ బయటే నిలబడ్డారు. సుగుణ చేతిలో పాలబుంగ ఉంది. నేను గేరు మార్చి ఎత్తు మీదికి తొక్కాను.

బండి ఎక్కింది. దేవుడి మీద ఒట్టు, ఎక్కింది. ఉగాదినాడు ఆగిన చోటు దాటింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. ముల్లు చూస్తే ఎక్కడికో పోయింది, అంకెలు అయిపోయే చోటికి పోతోంది. ఇంజను కూత పెడుతోంది. సుగుణ భయపడుతుందని ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో వాల్వును పూర్తిగా, గట్టిగా, నా ఇరవై ఏళ్ళ అనుభవమంతా పెట్టి మూసేశాను.

ఢామ్మని పేలింది.

బానెట్ కింద నుంచి నల్లపొగ లేచింది. టర్బో నుంచి గాలి పోయే లావు గొట్టం చీలిపోయింది. బండి ఆగి వెనక్కు జారింది, నేను బ్రేకు మీద నిలబడ్డాను. వెనక తలుపు తెరుచుకుని బత్తాయిలు గుట్ట కింది దాకా దొర్లాయి. తిక్కలోడు తిరునాళ్ళకు పోతే ఎక్కా దిగా సరిపోయిందట. నాకు దిగడం కూడా సరిగ్గా రాలేదు.

భీమన్న అన్నిటికంటే ముందు పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఏమన్న తగిలిందా? చేతులు జూపియ్." ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అదే నాకు ఎక్కువ బాధైంది. తర్వాత ట్రాక్టరుతో గుంజి బర్ల కొట్టం పక్కన పెట్టించాడు.

సుగుణ పాలబుంగ కింద పెట్టకుండానే నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది. మనిషి బాగానే ఉన్నాడని తేలాక, "మొఖం కడుక్కో" అని హోటలుకు పాలు పొయ్యడానికి పోయింది.

ఏప్రిల్ 28

పొద్దున ఫోన్లో ఖాజా మియాకు జరిగింది చెప్పాను. అవతల దబ్బుమని చప్పుడైంది, స్టూలు మీది నుంచి పడ్డాడో ఏమో. "అరె పాగల్! ఆ వాల్వు మూస్తె తలుపుకు గాలే పోదు! తలుపు తెర్సుకోకపోతె ప్రెషర్ పెరుగుడు గాక తగ్గుతదా? ఉల్టా అని జెప్పిన గదా? అసలు గా మాట ముందుగాల నువ్వే అన్నవ్ గదా?"

డైరీ వెనక్కు తిప్పి చూశాను. ఏప్రిల్ ఏడు. నా తెలివికి సాక్ష్యం అక్కడ భద్రంగా ఉంది. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు, ఎందుకంటే వెనక వైపు ఆత్మకూరు రైతు పైపుల కొలతలున్నాయి.

సాయంత్రం సుగుణ కొట్టంలో గడ్డి వేస్తుంటే పోయి నిలబడ్డాను. అడగకపోయినా బండికి ఏమైందో చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి ఆమె మధ్యలో వదిలి పోలేదు.

"ఆ తలుపుకు గాలి ఎక్కువైందని ఎట్ల తెలుస్తది?" అన్నది.

"సన్న గొట్టం ఉంటది. దాంట్ల కబురు పోతది."

"గా గొట్టాన్నే నువ్వు మూసినవా?"

"ఊఁ."

"తలుపు తెర్సుకుంటలేదని ఇంక గట్టిగ మూసినవా?"

"... ఊఁ."

గడ్డిమోపు కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీ తీరే గంత" అన్నది.

నేను బండి గురించి చెప్పాను. ఆమె కూడా బండి గురించే అన్నదని ఇక్కడ రాసుకుందామని కూర్చున్నాను. పెన్ను కదలలేదు.

ఏప్రిల్ 30

ఖాజా మియా బస్సులో వచ్చాడు. లావు గొట్టంతో పాటు ఇంజను హెడ్డు కింది ప్యాకింగు కూడా పోయిందట. హైదరాబాద్ స్ప్రింగు కూడా తెచ్చాడు. నా వాల్వునూ డ్రిప్పర్‌నూ పీకి నా చేతిలో పెట్టి, "తోటకు పెట్టుకో" అన్నాడు. గేజి మాత్రం ఉండనిచ్చాడు. భీమన్నకు కథ మొత్తం చెప్పాడు, ఆ వాల్వు ఆలోచన నాదేనని కూడా చెప్పాడు. ఇప్పుడు ఒప్పుకున్నాడు!

మే 2

బండి అయ్యేదాకా ఊరికే కూర్చోలేక సుగుణ వెంట పాలు పొయ్యడానికి పోతున్నాను. బుంగ నేను మోస్తాను, కొలిచి పోసేది ఆమె. హోటలాయన ఏసురత్నం "ఎవరక్కా ఈయన, కొత్తగ పెట్టుకున్నవా?" అన్నాడు. "ఆఁ, జూస్తున్న, పని చేస్తడో లేదో" అన్నది సుగుణ.

ఆమె ప్రతి ఇంటి ముందూ ఆగి ఒక మాట అడుగుతుంది. రేపు ఎక్కువ కావాల్నా, తక్కువ కావాల్నా, పిల్లగానికి జరం తగ్గిందా. వనపర్తిలో కూడా ఇట్లాగే అడిగేదేమో. నేనెప్పుడూ వెంట పోలేదు, చూడలేదు.

మే 4

సాయంత్రం పాలు పిండే వేళకు ఫోన్ వచ్చింది. ఇటిక్యాల నుంచి తిమ్మప్ప, నా పాత గిరాకీ. జీపు పేలిందని విన్నాడట. ఇట్లాంటి వార్తలు మాత్రం ముల్లు కంటే ముందే లేస్తాయి. "అమ్ముతవా అన్నా? ఉన్నదున్నట్టు తీస్కుంట. ఇప్పుడే మాటియ్యి, లేకుంటె నేను వేరేది జూస్కుంట."

నా నోరు తెరుచుకుంది. "తీస్కపో" అనే మాట పెదవి మీదికి వచ్చింది. ఈ దరిద్రం వదిలించుకుంటే సుగుణ నా మొహం చూస్తుందని, ఇదే మంచి సమయమని, అన్ని కారణాలూ క్షణంలో వరుసగా నిలబడ్డాయి. అవి ఎప్పుడూ వరుసగానే నిలబడతాయి. నిరుడు గౌరి తాడు... కాదు, నిరుడు కాదు, మొన్న మాఘంలోనే.

"అడిగి జెప్త తిమ్మప్పా" అన్నాను.

"ఎవర్నడుగుతవ్?"

"మా ఇంట్ల."

ఫోన్ పెట్టి కొట్టంలోకి పోయాను. సుగుణ పాలు పిండుతోంది. తల బర్రె డొక్కకు ఆనించి ఉంది.

"సుగుణా, తిమ్మప్ప బండిని అడుగుతుండు. అమ్మాల్నా, వద్దా?"

చేతులు ఆగాయి. తల తిప్పకుండానే అన్నది. "ఏంది, నన్నడుగుతున్నవా?"

"నిన్నే అడుగుతున్న."

"నేను వద్దంటె?"

"అమ్మ."

"అమ్ము అంటె?"

"అమ్ముత."

మళ్ళీ పిండడం మొదలుపెట్టింది. చాలాసేపు నిలబడ్డాను. నా బతుకులో ఇంతసేపు ఎవరి జవాబు కోసమూ నిలబడలేదు. కాళ్ళ మీద దోమలు వాలుతున్నా కదలలేదు.

"బండి లేకుంటె పైపులు నెత్తి మీద వెట్టుకపోతవా?" అన్నది చివరికి. "వద్దు. అమ్మకు."

సరేనన్నాను. పోబోయాను.

"ఏమయ్యా."

ఆగాను.

"గప్పుడు గూడ గిట్లనే అడిగుంటె, నేనే అమ్ము అందునేమో." మోచేత్తో కళ్ళు తుడుచుకుంది, చేతులకు పాలు ఉన్నాయి కదా. "నీకు బండి మీద ఎంత పానమో నాకు తెల్వదా? గౌరి నా చేతుల మీద పెరిగింది. పొయ్యేనాడు దాని మొఖమన్న జూడనియ్యలేదు నన్ను."

పోయి ఆమె పక్కన కూర్చున్నాను. బర్రె నన్ను కొత్తగా చూసి తోకతో మూతి మీద ఒకటి కొట్టింది. సుగుణ ఏడుస్తూనే నవ్వింది. నేను ఏడ్చానో లేదో రాయను.

మే 5

సుగుణను అడిగాను, ఇంటికి వస్తావా అని. బర్రె లేకుండా రానన్నది. వర్షను అడిగాను, ఇంటరు ఎక్కడ చదువుతావని. "నన్ను గూడ అడుగుతున్నవా నాయినా? పానం మంచిగుందా?" అన్నది. వనపర్తిలోనే అట. భీమన్నను అడిగాను, ట్రాలీ ఇస్తావా అని. బర్రెను మాత్రం అడగలేదు. అదొక్కటే తక్కువ.

మే 7, వనపర్తి

తెల్లారకముందే బయలుదేరాం. భీమన్న ట్రాలీలో గడ్డి పరిచి, పైన తాటాకులు కప్పి, సుగుణ బర్రెను ఎక్కించి, జీపు వెనక తగిలించాడు. వర్ష నా పక్కన కూర్చుంది. నేను దిగి అటువైపు తలుపు తెరిచి సుగుణ కోసం పట్టుకున్నాను. ఆమె ఆ తలుపు ముందు నుంచే నడుచుకుంటూ పోయి ట్రాలీ ఎక్కింది. బర్రె మెడ మీద చెయ్యి వేసి గడ్డిలో కూర్చుంది.

"ఎండ ఎక్కుతది సుగుణా, ముందుకు రా."

"నువ్వు తోలు. నిమ్మలంగ తోలు."

తోలాను. బర్రె కాళ్ళు తడబడకూడదని సైకిలు వాడు కూడా దాటిపోయేంత మెల్లగా తోలాను. ప్రతి ఊరి దగ్గరా ఆపి, దిగి, వెనక్కు పోయి, పోనియ్యనా అని అడిగాను. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఆర్టీసీ బస్సు హారను కొట్టుకుంటూ నన్ను దాటింది, జనమంతా కిటికీల నుంచి నా టర్బో బండి ప్రతాపం చూశారు. వర్ష గేజి వైపు వంగి, "ముల్లు అసలే లేస్తలేదు నాయినా" అన్నది. పడుకోనీ బిడ్డా అన్నాను.

మా వీధిలోకి తిరిగేసరికి బుజ్జమ్మ గిన్నెతో సహా వాకిట్లో ఉంది. ఎవరు చెప్పారో తెలియదు. ట్రాలీని చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏం సుగుణమ్మా! సచ్చినా ఎక్క అన్నవట, మల్ల ఆయన బండిలనే వొస్తివి?"

సుగుణ చీర మీది గడ్డిపోచలు దులుపుకుంది.

"బండిల యాడెక్కిన? నా బర్రె ఎంబడి వొచ్చిన."

నేను దిగి, బర్రె దిగడానికి చెక్క పెట్టాను.